నెలనెలా డబ్బిస్తే పేదలు బాగుపడతారా? కిరాణా కొట్టులో కూర్చుని నేను చూస్తున్నది

ప్రభుత్వం నెలనెలా ఇంత అని డబ్బిస్తే పేదలకు నిజంగా మేలు జరుగుతుందా, లేక పని మానేసి తాగి తగలేస్తారా, ధరలు పెరిగి ఆ డబ్బు కాస్తా ఆవిరైపోతుందా అని అడిగారు. మేలు జరుగుతుందనే నా గట్టి నమ్మకం. ఎంత ఇస్తున్నారన్న దానికంటే, ఫలానా తేదీకి తప్పకుండా వస్తుందన్న ధీమా ఎక్కువ పని చేస్తుంది.

మాది ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ప్రకాశం జిల్లా, కనిగిరి వైపు పల్లె. వాన పడితేనే పంట, లేకపోతే వలస. నాన్న తర్వాత మా కిరాణా కొట్టు నేను చూసుకుంటున్నాను. అందరికీ కనీస ఆదాయం అనే పథకం మన దగ్గర లేదు. కానీ వృద్ధులకు, వితంతువులకు ఇచ్చే పింఛను దానికి చాలా దగ్గరగా ఉంటుంది. డబ్బు దేనికి ఖర్చు పెట్టావని ఎవరూ అడగరు, నెల మొదట్లో ఇంటికొచ్చి చేతిలో పెడతారు. 2014 దాకా 200 రూపాయలు ఉండేది. ఆ ఏడాదే 1,000 అయింది, 2019 మొదట్లో 2,000, 2024 జులై నుంచి 4,000. ఆ పెరుగుదల అంతా మా ఖాతా పుస్తకంలో కనిపిస్తుంది.

200 ఇచ్చే రోజుల్లో ముసలివాళ్లకు మా పుస్తకంలో సొంత పేజీ ఉండేది కాదు. ఏం తీసుకున్నా కొడుకు పద్దులోనే రాసేవాళ్లం. పెద్దావిడ టీపొడి పొట్లం అడిగితే, ఇంట్లో ఒప్పుకుంటారో లేదో అని నాన్న కాసేపు తటపటాయించడం నాకు బాగా గుర్తు. ఇప్పుడు వాళ్ల పేరుతోనే పేజీలున్నాయి. ఒకటో తారీకు డబ్బు వస్తుందని నాకు తెలుసు కాబట్టి ఇరవయ్యో తారీకున అరువు ఇవ్వడానికి నాకు భయం లేదు. అంతకుముందు ఇలాంటి అవసరానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకునేవాళ్లు. ఇంకో మార్పు కూడా చూస్తున్నాను. కొడుకూ కోడలూ బేల్దారి పనికి బెంగళూరు పోతే మనవళ్లు అవ్వ దగ్గరే ఉంటారు. వాళ్ల నోటు పుస్తకాలు, పెన్నులు అవ్వ పేజీలోనే పడతాయి. ఇంట్లో ఆమె మాటకు ఇప్పుడు విలువ పెరిగింది. పెద్ద వయసులో ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతకడం ఎంత గౌరవమో దగ్గర నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది.

తాగుడు సంగతి దాచను. పింఛను రాగానే తల్లి దగ్గర లాక్కునే కొడుకులు మా ఊళ్లోనూ ఉన్నారు. ఒక పెద్దావిడ డబ్బు చేతికందగానే నేరుగా మా కొట్టుకొచ్చి, "వెయ్యి నీ దగ్గరే ఉంచు అబ్బాయ్, మావాడు అడిగితే నాకు తెలీదను" అని ఇచ్చి వెళ్తుంది. అవసరమైనప్పుడు వంద, రెండొందలు తీసుకుంటుంది. కానీ ఆ కొడుకు పింఛను పెరగకముందూ తాగేవాడే. మధ్యప్రదేశ్‌లో 2011లో ‘సేవ’ అనే మహిళా కార్మికుల సంస్థ, యునిసెఫ్ సాయంతో కొన్ని పల్లెల్లో ప్రతి మనిషికీ ఏ షరతూ లేకుండా నెలనెలా డబ్బిచ్చి చూసింది. మొదట పెద్దలకు 200, పిల్లలకు 100, తర్వాత 300, 150. తాగుడు పెరగలేదని, తిండి మెరుగైందని, కోళ్లూ మేకలూ కొనుక్కున్నారని, కూలికి పోవడం తగ్గించి సొంత పని చేసుకున్నవాళ్లు పెరిగారని అందులో తేలింది. మా పద్దులు చూసినా తిండి మెరుగైన మాట నిజమే. పావుకిలో కందిపప్పు తీసుకునే ఇళ్లు ఇప్పుడు కిలో తీసుకుంటున్నాయి.

పని మానేస్తారా అంటే, కొందరు కొంత తగ్గిస్తారు. అమెరికాలో టెక్సాస్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో వెయ్యి మందికి మూడేళ్ల పాటు నెలకు వెయ్యి డాలర్లు ఇచ్చి చూస్తే, వాళ్లు వారానికి సగటున గంటకు కాస్త పైన పని తగ్గించారు. మా ఊళ్లో అరవై దాటిన ఆడవాళ్లు కొందరు ఎండల్లో మిరపకోతకు పోవడం మానేశారు. దాన్ని సోమరితనం అనేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. నలభై ఏళ్లు నడుం వంచి పని చేసిన మనిషి నలభై రెండు డిగ్రీల ఎండలో చేలో ఎందుకుండాలి?

ధరల విషయం వ్యాపారిగా చెప్తాను. పింఛను పెరిగిందని నేను సబ్బు రేటు పెంచలేను. ప్యాకెట్ మీద ధర అచ్చు వేసి ఉంటుంది, పక్క వీధిలో ఇంకో కొట్టుంది.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. సాయం అందాల్సిన చోటికి అందకపోవడం. మా అక్కను నల్గొండ వైపు ఇచ్చాం. వాళ్లు కౌలుకు పత్తి వేస్తారు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000 ఇచ్చారు. అది పట్టాదారుకే వెళ్లింది, కౌలు రైతును లెక్కలోకి తీసుకోలేదు. అక్కవాళ్లకు పొలం ఇచ్చిన ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు. డబ్బు ఆయన ఖాతాలో పడింది, కౌలు మాత్రం రూపాయి తగ్గలేదు. పురుగుమందుకు మా బావ మళ్లీ వడ్డీకే తెచ్చాడు. భూమిని బట్టి ఇచ్చే డబ్బు ఎక్కువ భూమి ఉన్నవాడికే ఎక్కువ పోతుంది. మనిషిని బట్టి ఇవ్వాలి. మా ఊళ్లో కూడా సెంటు భూమి లేని ముప్పై, నలభై ఏళ్ల కూలీకి పింఛనూ రాదు, రైతు సాయమూ రాదు. ఈ చర్చలో నేను ముందు మాట్లాడేది వాళ్ల గురించే.

అర్హత లెక్కల టెన్షన్ ఒకటి. కరెంటు వాడకం నెలకు సగటున మూడు వందల యూనిట్లు దాటితే పింఛను పోతుందని మాకు తెలిసిన ఇంట్లో వేసవిలో కూలర్ వేసుకోవడానికి కూడా భయపడ్డారు. 2016-17 కేంద్ర ఆర్థిక సర్వేలో అందరికీ కనీస ఆదాయం మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. మనిషికి ఏడాదికి 7,620 రూపాయల చొప్పున జనాభాలో 75 శాతానికి ఇస్తే జీడీపీలో 4.9 శాతం ఖర్చవుతుందని లెక్క కట్టారు. నెలకు 635 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ భూమి లేని నలుగురున్న ఇంటికి రెండున్నర వేలు కచ్చితంగా వస్తే, అలాంటి ఇంటికి నేను నెలంతా ధైర్యంగా అరువిస్తాను.

అయితే దీనికి బదులు రేషన్ తీసేద్దాం, సర్కారు ఆసుపత్రులు తగ్గిద్దాం అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఒక్క ఆపరేషన్ వస్తే ఏడాది పింఛను ఒక్క రోజులో పోతుంది. బియ్యం సంగతీ అంతే. రేషన్ కింద మనిషికి ఐదు కిలోలంటే, బియ్యం ధర ఎంత పెరిగినా ఐదు కిలోలూ వస్తాయి. డబ్బు అలా కాదు. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా, ఎనభై ఏళ్ల లోపు వాళ్లకు, 2007లో 200 రూపాయలే, ఇప్పటికీ 200 రూపాయలే. కాబట్టి కనీస ఆదాయం అంటూ చట్టం తెస్తే, ధరలతో పాటు ఆ మొత్తం ఏటా దానంతటదే పెరగాలని కూడా అందులోనే రాయాలి.