6.7 అంగుళాల ఫోనును ఒంటి చేత్తో సౌకర్యంగా వాడగలమా?

హోమ్ బటన్ ఉన్న పాత 5.5 అంగుళాల ఫోనుకు అలవాటుపడినవారు 6.7 అంగుళాల ఫోనుకు మారితే, సిటీ బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడినప్పుడు రెండో చేత్తో దానిని వాడగలరా అన్నది మీ ప్రశ్న. పట్టుకోవడం వరకు పెద్ద తేడా ఉండదు, పైభాగాన్ని అందుకోవడంలోనే ఇబ్బందంతా ఉంటుంది. నేను సరిగ్గా ఇదే మార్పు చేసుకుని, కొంతకాలం వాడిన తరువాత 6.2 అంగుళాల ఫోనుకు వచ్చాను. నా చేయి చిన్నది, 2.4 సైజు గాజులు సరిపోతాయి. మీ చేయి అంతకంటే పెద్దదైతే నేను చెప్పేదాన్ని ఆ మేరకు సవరించుకోండి.

ముందుగా అంగుళాల సంగతి. కంపెనీలు చెప్పే అంగుళాలు తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిచినవి కాబట్టి, తెర ఎత్తుకూ వెడల్పుకూ మధ్య నిష్పత్తి మారితే అదే అంకెకు అర్థం మారిపోతుంది. పాత ఫోన్లలో తెర 16:9 నిష్పత్తిలో ఉండేది, ఇప్పుడు ఎక్కువగా 20:9 లేదా దానికి దగ్గరగా ఉంటోంది. లెక్క వేసి చూస్తే, 16:9 నిష్పత్తిలో 5.5 అంగుళాల తెర వెడల్పు సుమారు 68 మిల్లీమీటర్లు, ఎత్తు 122 మిల్లీమీటర్లు వస్తుంది. 20:9 నిష్పత్తిలో 6.7 అంగుళాల తెరకు వెడల్పు దాదాపు 70, ఎత్తు 155 వస్తాయి. అంటే వెడల్పులో రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే తేడా ఉండగా, ఎత్తు మాత్రం అంగుళానికి పైగా పెరుగుతుంది.

అందుకే ఫోను కొనేటప్పుడు తెర సైజును పక్కన పెట్టి, వివరాల పట్టికలో చివరెక్కడో ఉండే వెడల్పునూ బరువునూ ముందు చూడమని అందరికీ చెబుతుంటాను. 2017లో వచ్చిన ఐఫోన్ 8 ప్లస్ తెర 5.5 అంగుళాలే అయినా, ఆ ఫోను వెడల్పు 78.1 మిల్లీమీటర్లు, బరువు 202 గ్రాములు. 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్24 తెర 6.2 అంగుళాలు, కానీ ఫోను వెడల్పు 70.6 మిల్లీమీటర్లు, బరువు 167 గ్రాములే. అదే వరుసలోని 6.7 అంగుళాల ఎస్24 ప్లస్ వెడల్పు 75.9, బరువు 196 గ్రాములు, 6.8 అంగుళాల అల్ట్రా అయితే 79 మిల్లీమీటర్లు, 232 గ్రాములు. ఈ చివరిదానిని ఒంటి చేత్తో వాడడమంటే, నా వరకు, బస్సు కుదుపుకు వదిలేసినట్టే.

ఎత్తు పెరిగితే ఏమవుతుందో కొంచెం వివరంగా చెబుతాను. చిటికెన వేలిని ఫోను కింద ఆనించి, మిగతా మూడు వేళ్లతో ఒక పక్కను, అరచేతి అంచుతో రెండో పక్కను బిగించినప్పుడు, బొటనవేలు తెర దిగువ సగంలో హాయిగా తిరుగుతుంది. కుడిచేత్తో పట్టుకున్నవారికి అన్నిటికంటే దూరమైనది పైన ఎడమ మూల, వెనక్కి వెళ్లే బాణం గుర్తును చాలా యాప్‌లు అక్కడే పెడతాయి. దానిని అందుకోవాలంటే పట్టు సడలించి ఫోనును అరచేతిలో కిందికి జార్చుకోవాలి, ఆ క్షణంలో పట్టు వదులుగా ఉండి ఫోను తూలుతుంది. ఫోను జారిపడేది చాలావరకు ఈ జార్చుకోవడంలోనే. రోజూ ఇలా చేస్తే చిటికెన వేలికీ, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర ఉండే స్నాయువులకూ శ్రమ పెరుగుతుంది. నాకైతే పెద్ద ఫోను వాడిన రోజుల్లో సాయంత్రానికి అక్కడే లాగినట్టు ఉండేది.

ఇక్కడ ఒక పరిశీలన గుర్తుకొస్తుంది. స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ 2013లో బహిరంగ ప్రదేశాల్లో ఫోను వాడుతున్నవారిని 1,333 సార్లు గమనించి నమోదు చేస్తే, తెరను తాకుతూ వాడుతున్న 780 మందిలో 49 శాతం సందర్భాల్లో ఒంటి చేత్తో, 36 శాతం సందర్భాల్లో ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి వేలితో తాకుతూ, మిగిలిన 15 శాతంలో రెండు బొటనవేళ్లతో వాడుతూ కనిపించారు. అప్పటి ఫోన్లు ఇప్పటికంటే చిన్నవి, కానీ బస్సులో రెండో చేయి కడ్డీకే అంకితమన్నది మాత్రం మారలేదు.

ఈ ఇబ్బందిని సెట్టింగ్స్‌తో కొంత తగ్గించుకోవచ్చు. ఆండ్రాయిడ్ 12 నుంచి తెర పైభాగాన్ని కిందికి దించే వన్ హ్యాండెడ్ మోడ్ ఉంది, ఐఫోన్లలో ఇదే పని చేసే రీచబిలిటీ 2014లో ఐఫోన్ 6తోనే వచ్చింది. ఆండ్రాయిడ్‌లో ఎడమ, కుడి అంచుల్లో దేని నుంచైనా లోపలికి వేలు జరిపితే వెనక్కి వెళ్లే సంజ్ఞను అలవాటు చేసుకుంటే పై మూలతో పని చాలావరకు తప్పుతుంది. యాప్‌లు తయారుచేసేవారు కూడా దిగువకే వస్తున్నారు: ఐఫోన్ల ఐఓఎస్ 15లో సఫారీ బ్రౌజర్ అడ్రస్ బార్ కిందికి దిగింది, వాట్సాప్ ఆండ్రాయిడ్‌లో చాట్స్, కాల్స్ వంటి విభాగాలను 2024లో కిందికి మార్చింది. యూపీఐ పిన్ కొట్టే అంకెలు ఎలాగూ కిందే ఉంటాయి కాబట్టి, కూరగాయల సంచి చేతిలో ఉన్నా చెల్లింపు వరకు ఇబ్బంది లేదు.

ఇంత చెప్పినా చిన్న ఫోనే మంచిదని తేల్చలేను, అందుకు కారణం తెలుగు. మన లిపిలో గుడులు పైకి, వత్తులు కిందికి వెళతాయి కనుక, ఇంగ్లీషు చదవగలిగినంత చిన్న అక్షరాల్లో తెలుగు చదివితే వత్తులు కలిసిపోయి కళ్లు చికిలించాల్సి వస్తుంది. అక్షరాలు పెంచితే, మన పదాలు పొడవైనవి కాబట్టి, ఇరుకైన తెరపై వరుసకు మూడు నాలుగు మాటలకు మించి పట్టవు. తెలుగు కీబోర్డుకూ ఇదే చిక్కు: అక్షరాలు ఎక్కువ కాబట్టి కీలు సన్నబడతాయి, వెడల్పు లేని ఫోనులో ఒకటి నొక్కబోతే పక్కది పడుతుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 మినీ 64.2 మిల్లీమీటర్ల వెడల్పుతో చేతిలో ఎంతో ముద్దుగా ఇమిడిపోతుంది, కానీ రోజూ తెలుగు దినపత్రిక ఫోనులోనే చదివేవారికి దానిని నేను సూచించను.

మీ ప్రయాణం రోజూ నిలబడే సాగేదైతే, వెడల్పు 72 మిల్లీమీటర్లకు, బరువు 180 గ్రాములకు లోపున్న ఫోనును ఎంచుకోండి. కొనే ముందు ఆ ఫోను ఎత్తు, వెడల్పు కొలతల్లో ఒక అట్టముక్క కత్తిరించి, బొటనవేలు ఎంతవరకు వెళుతుందో చూడండి. అంగడిలో దొంగలెత్తుకుపోకుండా తీగకు కట్టిన నమూనా ఫోనుతో అసలు పట్టు తెలియదు. మందపాటి పౌచ్ వేస్తే వెడల్పు, బరువు రెండూ పెరుగుతాయని కూడా లెక్కలో ఉంచుకోండి. చిన్న ఫోనుతో మీరు నిజంగా కోల్పోయేది బ్యాటరీ: ఎస్24లో 4,000 ఎంఏహెచ్ ఉంటే ప్లస్‌లో 4,900 ఉంది. దారిపొడవునా వీడియోలు చూసే అలవాటుంటే సంచిలో పవర్ బ్యాంక్ కూడా మోయాల్సి వస్తుంది.