గడప ముందు పెట్టి పోయిన పార్శిల్ పోతే నష్టం ఎవరిది?

మీరు కాజీపేటలో ఉంటారు. 6,400 రూపాయల మిక్సీకి ముందే డబ్బులు కట్టారు. మధ్యాహ్నం డెలివరీ అయిందని మెసేజ్ వచ్చింది, తలుపు ముందు పెట్టి ఫొటో కూడా తీశారు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి డబ్బా లేదు. కంపెనీ వాళ్లేమో "మా పని అయిపోయింది, పోలీసులకు చెప్పుకోండి" అంటున్నారు. మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదే కదా?

మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ పార్శిల్ అక్కడ ఎవరి మాట మీద పెట్టారు? మీరే పెట్టమని చెప్పి ఉంటే డబ్బులు వెనక్కి రావడం చాలా కష్టం. మిమ్మల్ని అడక్కుండా పెట్టి పోయి ఉంటే వాళ్లను వదలొద్దు. ఈ రెండు రకాలూ మా ఇంట్లోనే జరిగాయి కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

2023 సద్దుల బతుకమ్మ నాడు మేమంతా హనుమకొండ పద్మాక్షమ్మ గుట్ట దగ్గరికి పోయాం. కిషన్‌పురలో ఇంటి దగ్గర నాన్న ఒక్కడే ఉన్నాడు. ఆయనకు చెవులు సరిగ్గా వినబడవు. ఆయన కోసమే 4,150 రూపాయలు పెట్టి వినికిడి మిషన్ ఆర్డర్ చేశాను. బతుకమ్మ ఆడుతుంటే చేతిలో ఫోన్ టింగుమంది, డెలివరీ అయిందని. సరే, నాన్న తీసుకున్నాడేమో అనుకున్నా. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికొస్తే నాన్న "ఎవ్వరు రాలే బిడ్డా" అన్నాడు. ఆప్‌లో ఫొటో తెరిచి చూశా. మా గడపే. పొద్దున బతుకమ్మ పేర్చేటప్పుడు కత్తిరించి పడేసిన గునుగు కాడలు, రెండు తంగేడు రెమ్మలు అట్లే ఉన్నాయి, వాటి పక్కనే డబ్బా. ఆ ఫొటో చూస్తే కడుపు తరుక్కుపోయింది. నాన్న గోడకు అవతలే కూర్చొని ఉన్నాడు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "బెల్ కొట్టాం, ఎవరూ రాలేదు, అక్కడ పెట్టాం" అన్నారు. బెల్ కొట్టే ఉంటారు, ఆ మాట నేను నమ్ముతాను. కానీ ఎవరూ రాకపోతే ఫోన్ చేయాలి, ఫోన్ కూడా ఎత్తకపోతే వెనక్కి తీసుకుపోయి మర్నాడు రావాలి. నా ఫోన్‌లో ఆ సాయంత్రం ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. ఆ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్, వాళ్లు పెట్టిన ఫొటో, ఆర్డర్ వివరాలు, మూడూ ఆ రాత్రే దాచిపెట్టా. చివరికి నన్ను గట్టెక్కించింది ఆ మూడే.

ఎదురుగా ఉన్న కిరాణం షాపు కెమెరాలో, పార్శిల్ పెట్టిన పావుగంటకు ఎవరో పిలగాడు మెట్లెక్కి డబ్బా చంకలో పెట్టుకొని పోవడం కనబడింది. ముఖం తెలియలేదు. పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నా. దొంగ దొరకలేదు. మీరూ దరఖాస్తు ఇవ్వండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, దొంగతనం అందులో 303వ సెక్షన్ కిందికి వస్తుంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: పోలీసు దరఖాస్తు దొంగ మీద, మీ ఫిర్యాదు కంపెనీ మీద. రెండూ వేర్వేరు. దొంగ దొరికేదాకా కంపెనీ ఆగమనడానికి వీల్లేదు.

కస్టమర్ కేర్ వాళ్లు రెండుసార్లు నా ఫిర్యాదు మూసేశారు. మూడోసారి వాళ్లతో మాట్లాడటం మానేసి, వెబ్‌సైటులో అడుగున వివరాలుండే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి రాశా. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకి ఆ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అదే రోజు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయించా. పంతొమ్మిదో రోజు డబ్బులు ఖాతాలో పడ్డాయి. పడకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోదామనే అనుకున్నా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు, రెండేళ్ల వరకు గడువుంది.

ఇక రెండోది మా తమ్ముడిది. వాడు హంటర్ రోడ్డు వైపు హాస్టల్‌లో ఉండేవాడు. ఫోన్ ఆర్డర్ చేశాడు, 12 వేల పైచిలుకు. డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి, "అన్నా, రూంల లేవా? ఓటీపీ చెప్పు, కింద టేబుల్ మీద పెట్టిపోత" అన్నాడు. వీడు క్లాసులో ఉండి చెప్పేశాడు. సాయంత్రానికి టేబుల్ మీద ఏమీ లేదు. కంపెనీ పైసా ఇవ్వలేదు. నా తమ్ముడే అయినా, ఆ విషయంలో కంపెనీ చెప్పింది న్యాయమే అనిపించింది. ఓటీపీ చెప్తే సంతకం పెట్టి తీసుకున్నట్టే లెక్క. "చెప్పుల స్టాండు వెనక పెట్టు తమ్మీ" అని మనం ఫోన్‌లో అన్నా దాదాపు అంతే. వాచ్‌మన్‌కు ఇవ్వమని మనమే చెప్తే, ఆ తర్వాత అడగాల్సింది వాచ్‌మన్‌నే.

కాబట్టి మీరు నిజాయితీగా గుర్తు తెచ్చుకోండి. ఆ మధ్యాహ్నం ఫోన్ ఎత్తి "పెట్టిపోండి" అన్నారా? ఆప్‌లో అడ్రస్ దగ్గర 'తలుపు ముందు పెట్టవచ్చు' అని ఎప్పుడైనా టిక్ పెట్టారా? అది కూడా చూసుకోండి, చాలామంది పెట్టిన సంగతే మర్చిపోతారు. రెండూ లేకపోతే వెనక్కి తగ్గొద్దు.

ఇంకో మాట. నా ఫిర్యాదు పైకి పోయాక ఆ డెలివరీ అబ్బాయి ఇంటికొచ్చాడు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. పండుగ సీజన్, బండి వెనక వాడి కంటే ఎత్తు సంచి. "అక్కా, నా పైసల్ల పట్టుకుంటరు, జర చూడు" అన్నాడు. ఫోన్ చేయకపోవడం వాడి తప్పే, అది వాడికే చెప్పా. కానీ అన్ని పార్శిళ్లు ఒక్క మనిషి మీద మోపింది కంపెనీ. అందుకే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఇంకో మెయిల్ పెట్టా: నష్టం సంస్థే భరించాలి, ఆ అబ్బాయి సంపాదనలో కోయొద్దు అని. విన్నారో లేదో తెలియదు. మీరు కూడా ఆ ఒక్క వాక్యం చేర్చండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఇది చదవగానే లేచి పక్కిల్లు, ఎదురిల్లు, షాపులు, కెమెరా ఎక్కడుంటే అక్కడికి పోయి అడగండి. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది, ఒక్కో చోట వారం కూడా ఉండదు. వాళ్ల స్క్రీన్ మీద తేదీ, టైము కనబడేలా మీ ఫోన్‌తో వీడియో తీసుకోండి. మెయిల్ రాయడం రాత్రికైనా కుదురుతుంది.