యాక్షన్ లెర్నింగ్ సెట్‌లో వేశారు, వెళ్లాలా?

ప్రశ్న: యూకేలో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) హాస్పిటల్ ఐటీ విభాగంలో ఈమధ్యే చేరాను. మేనేజర్ నన్ను యాక్షన్ లెర్నింగ్ సెట్‌లో వేశారు. ఆరుగురం కూర్చుని పనిలో ఎదురయ్యే సమస్యలు ఒకరికొకరం చెప్పుకోవాలట. చెబితే పని రాదనుకుంటారేమో, వీసా స్పాన్సర్‌షిప్‌కి ఇబ్బంది అవుతుందేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీలోని లోపాలు వెతకడానికి పెట్టింది కాదది. రెగ్ రెవన్స్ అనే ఆయన ఈ పద్ధతికి ఆద్యుడు. కేంబ్రిడ్జిలో ఫిజిక్స్ పరిశోధన చేశాడు, 1928 ఒలింపిక్స్‌లో లాంగ్ జంప్‌లో బ్రిటన్ తరఫున పాల్గొన్నాడు. 1940లలో ఇక్కడి బొగ్గు గనుల మేనేజర్లకు ఆయన చెప్పింది ఇదీ: బయటి నిపుణుల లెక్చర్లు వినేకంటే మీ గనుల్లో సమస్యలను మీలో మీరే చర్చించుకోండి. 1960లలో లండన్ ఆసుపత్రుల్లోనూ ఇదే చేయించాడు. కాబట్టి ఎన్‌హెచ్‌ఎస్‌కి ఇది కొత్తేం కాదు.

ఒక్కొక్కరికీ కొంత సమయం ఇస్తారు. ఆ సమయంలో మీరు సమస్య చెబుతారు, మిగతావాళ్లు ప్రశ్నలే అడుగుతారు, సలహాలివ్వరు. చివర్లో మీరు చేయబోయే పనేమిటో చెప్పాలి. వచ్చేసారి ఆ పని ఏమైందన్న దగ్గరే మొదలుపెడతారు.

మనవాళ్లకు కష్టమనిపించేది ఈ సలహా ఇవ్వకపోవడమే. ఎదుటివాళ్లు కష్టం చెప్పుకుంటుంటే ఊరుకోవడం మనకు అలవాటు లేదు, "నేనైతే ఇలా చేస్తాను" అనేస్తాం. "మీ మేనేజర్‌కి ఎస్కలేట్ చేశారా?" అన్నది కూడా ప్రశ్నలా కనబడే సలహానే. ఉదాహరణకు, ఒక వార్డు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌కి టెస్టింగ్ సైన్-ఆఫ్ (పరీక్షించి సరేననడం) రావట్లేదు, దాని రిలీజ్ ఆగిపోయింది అనుకుందాం. "సైన్-ఆఫ్ ఇవ్వాల్సింది ఎవరు? ఆవిడతో ఎప్పుడైనా నేరుగా మాట్లాడారా? మీ మెయిల్ వెళ్లే వేళకి ఆవిడ ఏ పనిలో ఉంటారు?" అని అడిగితే సంగతి బయటపడుతుంది. రోజంతా పేషెంట్ల మధ్య ఉండే సిస్టర్‌కి మెయిల్ చూసే తీరికే ఉండదు. మీరు మాత్రం రిమైండర్ మీద రిమైండర్ పంపుతూనే ఉన్నారు. ఒకసారి వార్డుకి వెళ్లి, ఎప్పుడొస్తే వీలవుతుందో అడిగి రావడమే మీ తర్వాతి పని. "గట్టిగా ఫాలో అప్ చేయండి" అన్న సలహా మిమ్మల్ని అక్కడికి చేర్చేది కాదు.

మీ వంతు వచ్చినప్పుడు ఎప్పుడో తేలిపోయిన సమస్య చెప్పి గట్టెక్కాలని చూడకండి. చాలామంది అలాగే చేస్తారు, అందుకే వాళ్లకు ఏమీ దక్కదు. ఇప్పుడు నిజంగా ఎక్కడ ఆగిపోయారో అదే చెప్పండి. ప్రశ్న అడిగాక కాసేపు ఎవరూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ఆలోచించుకోనివ్వండి.

ఇక మీ భయం సంగతి. ఇక్కడి మాటలు బయటికి పోకూడదని సాధారణంగా మొదటి మీటింగ్‌లోనే ఒప్పుకుంటారు. ఆ మాట ఎవరూ ఎత్తకపోతే మీరే ఎత్తండి. పేషెంట్ల భద్రతకు ముప్పు అనిపించే విషయాలు మాత్రం దాచడానికి వీల్లేదు. మీ సొంత లైన్ మేనేజరే సెట్‌లో ఉంటే వేరే సెట్‌లోకి మార్చమని అడగండి, అందులో తప్పేం లేదు. స్పాన్సర్‌గా మీ హాస్పిటల్ హోం ఆఫీస్‌కి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) చెప్పాల్సింది మీరు ఉద్యోగం మానేయడం, అనుమతి లేకుండా వరుసగా 10 పనిదినాలకు మించి రాకపోవడం లాంటివి. సెట్‌లో పని సమస్య చెప్పుకోవడం వాటిలోకి రాదు.

జీతం సరిగా ఇవ్వకపోయినా, వివక్ష చూపినా, బెదిరించినా అవి సెట్‌లో తేలేవి కావు. యూనియన్‌కి వెళ్లండి, లేదా ఉద్యోగ హక్కులపై ఉచితంగా సలహా ఇచ్చే అకాస్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

ఆఫీసులో ఇలాంటి ఏర్పాటు లేనివాళ్లు వేర్వేరు కంపెనీల్లో పనిచేసే అయిదారుగురు స్నేహితులతో సొంతంగా మొదలుపెట్టుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో మాత్రం వద్దు, అక్కడ ఎవరైనా వెంటనే సలహా టైప్ చేసేస్తారు. నెలకొకసారి కలిసి కూర్చోండి. క్లయింట్ల పేర్లు, పేషెంట్ల వివరాలు, కంపెనీ లోపలి కాగితాలు బయటపెట్టకుండా సమస్య వరకే చెప్పుకోండి.