'డాక్టరు కావలెను' అంటే ఎవరొస్తారు?

ప్రశ్న: సార్, నమస్తే. హన్మకొండలో నాకు పశువైద్య క్లినిక్ ఉంది. పొద్దున కుక్కలు, పిల్లులు వస్తాయి. మధ్యాహ్నం తర్వాత ధర్మసాగర్, ఎల్కతుర్తి వైపు బర్రెలు, గొర్ల మందలు చూడడానికి పోతాను. ఒక్కదాన్నే చేయలేక పేపర్లో ఇలా వేయించాను: 'ప్రముఖ పశువైద్యశాలకు అనుభవజ్ఞులైన డాక్టరు, కాంపౌండర్ కావలెను. ఆకర్షణీయమైన జీతం. వెంటనే సంప్రదించండి.' ఫోన్లు చాలా వచ్చాయి, డాక్టరు మాత్రం ఒక్కరూ రాలేదు. ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: డాక్టరమ్మా, మీ ప్రకటన ఎవరి కంట పడాలో ముందు అనుకోండి. అనుభవం ఉన్నవాళ్లలో చాలామంది సర్కారు కొలువులోనో సొంత క్లినిక్‌లోనో ఉన్నారు. మీ దగ్గరికి రాగలిగేది మామునూరు పశువైద్య కాలేజీలోనో కోరుట్ల కాలేజీలోనో ఐదున్నరేళ్ల కోర్సు చదివి, అందులోనే ఏడాది ఇంటర్న్‌షిప్ కూడా చేసి అప్పుడే బయటికొచ్చిన పిల్లలు. 'అనుభవజ్ఞులైన' అన్న మాట చూడగానే వాళ్లు పేజీ తిప్పేస్తారు.

ఆ అమ్మాయికో అబ్బాయికో కావలసిన సంగతులు వేరే. దూడ అడ్డం తిరిగి బర్రె ఈనలేకపోతోందని రాత్రి ఒంటిగంటకు ఫోనొస్తే ఎవరు పోవాలి? తోడెవరు? బండి ఎవరిది? మొదటి సిజేరియన్ చేస్తుంటే పక్కన మీరుంటారా? 'ఆకర్షణీయమైన జీతం' వీటిలో దేనికీ జవాబు చెప్పదు. పైగా అంకె దాస్తే తక్కువే ఇస్తారని అనుకుంటారు. నేను ఉద్యోగంలో ఉండగా దవాఖానకు వచ్చిన ఇంటర్న్ పిల్లలు జీతాల గురించి తర్వాత అడిగేవాళ్లు. ముందు అడిగేది, 'సార్, ఆపరేషన్ మా చేత చేయిస్తారా?' అని. ఆ ఆరాటం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషమే. మీ ప్రకటన దానికి జవాబివ్వాలి.

నేనైతే ఇలా రాస్తాను. అంకెలు మీ లెక్క ప్రకారం మార్చుకోండి:

'హన్మకొండ క్లినిక్‌లో పశువైద్యులు కావాలి. బి.వి.ఎస్సీ చదివి, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టరై ఉండాలి. కొత్తవారైనా సరే. పొద్దున కుక్కలు, పిల్లులు; వారంలో మూడు రోజులు ఊళ్లలో బర్రెలు, గొర్లు. నెలకు 35,000, పెట్రోలు ఖర్చు వేరే. రాత్రి పిలుపులు వారంలో రెండు రోజులు మీవి, మిగతావి నావి. వెంట సహాయకుడు వస్తాడు. మొదటి మూడు నెలలు ఆపరేషన్లన్నీ నాతో కలిసే చేస్తారు. ఆదివారం సెలవు. రేబిస్ టీకాల ఖర్చు క్లినిక్‌దే.'

ఆ చివరి మాట తప్పకుండా ఉండాలి. రోజూ కుక్కల నోట్లో చేతులు పెట్టే పని ఇది. ఊళ్లలో ఈనిన బర్రెకు మాయ తీసేటప్పుడు బ్రూసెల్లా అనే పశువుల జబ్బు మనకు సోకే ప్రమాదం ఉంది, కాబట్టి భుజం దాకా వచ్చే గ్లౌజులు కూడా మీరే ఇస్తారని చెప్పండి. బిడ్డను పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారు.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ పడితే పోతారని మీకు భయం ఉండవచ్చు. కొందరు పోతారు. బాండు రాయించుకోవాలని చూడకండి. పరీక్ష ముందు నెల చదువుకోవడానికి సెలవిస్తామని రాయండి. ఉన్నన్నాళ్లు మనసు పెట్టి చేస్తారు.

కాంపౌండర్‌కు వేరే ప్రకటన ఇవ్వండి. ఉత్త 'కాంపౌండర్' అంటే మనుషుల ఆస్పత్రుల్లో చేసినవాళ్లు ఫోన్ చేస్తారు. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చదివినవాళ్లు కావాలని స్పష్టంగా రాయండి. 'డాక్టరు లేనప్పుడు చూసుకోవాలి' అని మాత్రం రాయొద్దు. 1984 నాటి భారత వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం డిప్లొమా వాళ్లు చిన్నపాటి చికిత్సలు చేయాలన్నా రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. బోన్లు కడిగే మనిషి కోసమైతే క్లినిక్ గుమ్మం మీద కాగితం చాలు.

ఇక డాక్టర్ల కోసం పేపరు వెతుక్కోకండి. రెండు కాలేజీల నోటీసు బోర్డులు, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు, వరంగల్‌లో పశువుల మందుల హోల్‌సేల్ దుకాణాలు, ఈ మూడూ చాలు. ఇంటర్న్‌షిప్ ముగియడానికి రెండు నెలల ముందే పెట్టండి. ఫోన్ మీరే ఎత్తండి.

ప్రశ్న: మా పాల సంఘానికి కృత్రిమ గర్భధారణ చేసే మనిషి కావాలి. 'మగవారు మాత్రమే, ఉదయం 10 నుంచి సాయంత్రం 5' అని రాయొచ్చా?
– ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: రెండూ తీసేయండి. బండి నడిపి ఊళ్లు తిరగగల ఆడవాళ్లు ఈ పని చక్కగా చేస్తారు. ఎన్ని ఊళ్లు తిరగాలి, వీర్యం నిల్వ ఉంచే నత్రజని కంటైనర్ మోయడానికి బండి ఎవరిస్తారు, సూదికి (ఒక్కో గర్భధారణకు) ఇంతా లేక నెల జీతమా, ఇవి రాయండి. వేళల సంగతి మీకూ తెలుసు. పొద్దున ఎదకొచ్చిన బర్రెకు సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున సూది వేయాలి. కాబట్టి 'తెల్లవారి, సాయంత్రం పని, మధ్యాహ్నం విశ్రాంతి' అని ఉన్నదున్నట్టు పెట్టండి. బతుకమ్మ, దసరా రోజుల్లోనూ పిలుపులు వస్తాయి గనక ఆ సెలవులకు బదులు ఏ రోజులు ఇస్తారో అదీ రాయండి.