టెక్ సందేహాలు: ఆ ఫొటో వెనక్కి తిప్పి చూశారా?

తాతగారి ఉత్తరాలు, 1950ల నాటి చిన్న చిన్న నలుపు తెలుపు ఫొటోలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. మా ఊరి గ్రంథాలయం భద్రపరుస్తామంటోంది. ఇచ్చేముందు స్కాన్ చేయాలి. ఫోను సరిపోతుందా? ఎంత డీపీఐ పెట్టాలి?
– ఒక పాఠకురాలు, కావలి

ఇంట్లో చూసుకోవడానికైతే ఫోను చాలు. పదికాలాలు నిలవాలంటే, కాగితాన్ని గాజు పలక మీద పరిచి స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడండి. కాగితాన్ని లోపలికి లాక్కునే రకం వద్దు, పాత ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోతుంది.

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలుగా స్కాన్ చేయాలన్న లెక్క. చాలామంది అన్నిటికీ 300 డీపీఐ పెట్టేస్తారు. ఉత్తరాలకు అది చాలు, ఫొటోలకు చాలదు. అప్పటి బాక్స్ కెమెరా ఫొటోలు ఎక్కువగా నెగెటివ్ సైజులోనే, అంటే 6×9 సెంటీమీటర్లలో ఉండేవి. వాటిని 300లో స్కాన్ చేస్తే ఒక మెగాపిక్సెల్ కూడా రాదు. 1200లో చేస్తే దాదాపు 12 వస్తాయి. ఫొటో నలుపు తెలుపే అయినా కలర్‌లోనే స్కాన్ చేసి, బొమ్మ నాణ్యత తగ్గకుండా ఉంచే టిఫ్ ఫార్మాట్‌లో దాచండి. ఒక్కో ఫైలు 36 ఎంబీ దాకా ఉంటుంది, ఉండనివ్వండి.

అసలు పని ఇక్కడే ఉంది. ఫొటో వెనుక వైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, తేదీ, పెన్సిలుతో రాసిన పేరు అక్కడే ఉంటాయి. పేర్లు లేని ఫొటోలైతే ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూపిస్తూ, ఆవిడ చెప్పేది ఫోనులో రికార్డు చేయండి. స్కానర్ వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది, ‘ఈ ఎడమ చివరి ఆయన ఎవరు?’ అన్నదానికి జవాబు దొరక్కపోవచ్చు. ఎవరో తెలియని పెళ్లి ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా పరిశోధకుడికి పెద్దగా పనికిరాదు.

ఏఐతో రంగులద్దిన కాపీని మాత్రం గ్రంథాలయానికి ఇవ్వకండి. మసకగా ఉన్న ముఖానికి అది కళ్లూ ముక్కూ ఊహించి అతికిస్తుంది. చివరికి తాతగారి పోలికలున్న ఇంకెవరో మిగులుతారు!

స్టూడియోవారు స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపిన ఫొటోలు పెద్దవి చేస్తే మసకబారుతున్నాయి.
– ఒక పాఠకుడు, కందుకూరు

ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపమనండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఆ పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా హార్డ్‌డిస్కులో ఒక కాపీ, వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర మరొకటి ఉంచండి.

వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు చూశాక, మా ఇంటి ఉత్తరాలూ ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వాలనిపించింది. ఇస్తే వారు వాటిని ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

1918లో మొదలైన ఆ గ్రంథాలయాన్ని చూసి అలా అనిపించడం సహజమే. కాగితం మీ సొంతమే కానీ, అందులోని రాత మీద కాపీరైటు ఉత్తరం రాసినవారిది, వారి తర్వాత వారసులది. మన చట్టం ప్రకారం, రాసినవారి జీవితకాలంలో అచ్చుకాని ఉత్తరాలకు 60 ఏళ్ల గడువు వారు చనిపోయినప్పటి నుంచి కాక, తొలిసారి ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి మొదలవుతుంది. కాబట్టి వారసుల అనుమతి తీసుకోండి. చదవనివ్వడానికా, ఆన్‌లైన్‌లో పెట్టడానికా, ఎప్పటి నుంచి అన్నది ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసుకోండి. బతికున్నవారి అప్పులు, అనారోగ్యాల ప్రస్తావన ఉన్నవి విడిగా తీసిపెట్టండి.

2021 నవంబరు పెన్నా వరదలో తడిసి, ఆల్బమ్‌లో ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయవచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

పొడిగా ఉన్నప్పుడు లాగవద్దు, బొమ్మ ఊడివస్తుంది. ముందు పైకి కనిపించేదంతా స్కాన్ చేయండి. తర్వాత పనికిరాని ఫొటో ఒకదాన్ని చల్లని శుభ్రమైన నీటిలో నానబెట్టి, విడివడుతుందేమో పరీక్షించండి. ఇంక్‌జెట్ ప్రింట్లనూ, ఉత్తరాలనూ నీటి దగ్గరికే తీసుకెళ్లకండి, సిరా కరిగిపోతుంది.