చెల్పూరు చిమ్నీ చూస్తూ పెరిగిన అమ్మాయికి ఈఈఈ వద్దా?

ప్రశ్న: మాది భూపాలపల్లి. సింగరేణిలో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఎప్‌సెట్ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) వచ్చేలా ఉంది. పవర్ ప్లాంటులో ఇంజనీర్ అవుతానని చిన్నప్పటి నుంచీ అంటోంది. థర్మల్ ప్లాంట్లు మూతపడతాయని, ఆడపిల్లకు నైట్ షిఫ్టులు ఎందుకని, మేనేజ్‌మెంట్ కోటాలోనైనా సీఎస్ఈ ఏఐ ఇప్పించమని బంధువులు అంటున్నారు. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: అన్నా, వెబ్ ఆప్షన్ల రోజులొస్తే ఈ ప్రశ్న నాకు చాలా ఇళ్ల నుంచి వస్తుంది. చదువయ్యాక పిల్ల ఖాళీగా కూర్చుంటే నలుగురూ ఏమంటారోనన్న భయమే అందరిదీ. ముందు ప్లాంట్లు మూతపడతాయన్న ఆ టెన్షన్ సంగతి చూద్దాం.

రామగుండంలో 1971లో మొదలైన 62.5 మెగావాట్ల పాత యూనిట్ యాభై ఏళ్లు దాటి నడిచాకే మూతపడింది. అదే ఊళ్లో కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ 800 మెగావాట్ల యూనిట్లు రెండు కొత్తగా కట్టింది. అక్కడి రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలూ తేలుతున్నాయి. మీ చెల్పూరు థర్మల్ ప్లాంటులో 1100 మెగావాట్లు, మీ కంపెనీకే జైపూర్‌లో 1200 మెగావాట్లు ఉన్నాయి. రేపు బొగ్గు వాటా తగ్గినా ట్రాన్స్‌ఫార్మర్, సప్లయి తెంచే బ్రేకర్, లోపం కనిపెట్టే రిలే, ఇవన్నీ ఉండే స్విచ్‌యార్డ్ ఎక్కడికీ పోవు. సోలార్ కరెంటూ వాటి గుండానే గ్రిడ్‌కు చేరాలి. నేర్చుకున్న పని వృథా కాదు.

పవర్ ప్లాంటులో ఎలక్ట్రికల్ ఇంజనీర్ పనంటే స్తంభాలెక్కడం అనుకునేవారు ఇంకా ఉన్నారు. నిమిషానికి 3000 సార్లు తిరిగే జనరేటర్‌ను కంట్రోల్ రూమ్ నుంచి కనిపెట్టుకుని ఉండాలి. యూనిట్ ట్రిప్ అయితే, అంటే ఉన్నట్టుండి ఆగిపోతే, ఏ రిలే పడిందో, ఎందుకు పడిందో తేల్చాలి. మోటారు విప్పే ముందు సప్లయి తీయించి, పర్మిట్ ఇచ్చి, మనుషుల ప్రాణాలకు పూచీ పడాలి. యూనిట్ ఆపి పెద్ద మరమ్మతులు చేసే ఓవర్‌హాల్ రోజుల్లో ఇంటికి ఎప్పుడొస్తారో చెప్పలేరు. వేడి, బూడిద, చప్పుడు ఉంటాయి.

నైట్ షిఫ్టుల మాటకొస్తే, మీరూ షిఫ్టులు చేసే సంస్థలోనే ఉన్నారు కదా! 2021లో ఎన్టీపీసీ ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ స్కోరుతో మహిళా ఇంజనీర్లను మాత్రమే ప్రత్యేకంగా ఎంపిక చేసింది. అమ్మాయి భయపడటం లేదు. భయం మీది. దాన్ని ఆమె ఆప్షన్ల మీద పెట్టకండి.

ఇక సీఎస్ఈ ఏఐ. దీని మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. బ్రాంచీ పేరు పక్కన ఏఐ అని చేర్చినంత మాత్రాన చెప్పే లెక్చరర్లు పుట్టుకురారు. నాలుగేళ్లయ్యాక చిన్న ప్రోగ్రామ్ కూడా సొంతంగా రాయలేక నా ముందు కూర్చుని ఏడ్చిన పిల్లలున్నారు. వాళ్లలో చాలామందిని అడిగితే ‘నాన్న చేర్పించాడు’ అన్నారు. ఇష్టంతో చేరినవాళ్లు బాగానే రాణిస్తున్నారు, కాదనను. మీ అమ్మాయి ఇష్టం అది కాదు. చేతికొచ్చిన కన్వీనర్ సీటు వదిలి, అప్పు చేసి, అడగని చదువు కొనిపెట్టడం ప్రేమ అనుకుంటున్నారు. తప్పు చేస్తున్నారన్నా. ఆ డబ్బు ఆమె గేట్ కోచింగ్‌కో, ఎంటెక్‌కో ఉంచండి.

కష్టం కూడా చెప్పాలి. రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కో నోటిఫికేషన్ ప్రతి ఏడూ రాదు. గేట్‌లో పోటీ గట్టిది. అందుకే మూడో ఏడు నుంచే మెషిన్స్, పవర్ సిస్టమ్స్ లోతుగా చదవాలి. డిగ్రీ అవగానే ఉద్యోగం రాకపోతే ఒకట్రెండేళ్లు ఇంట్లో సూటిపోటి మాటలు లేకుండా చూసే పని మీది. ప్రైవేటు ప్లాంట్లు, ట్రాన్స్‌ఫార్మర్ కంపెనీలు, సబ్‌స్టేషన్ కాంట్రాక్టులు కూడా ఉన్నాయి. మనసు మారితే ఈఈఈ వాళ్లను తీసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీలూ ఉన్నాయి.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపు చెల్పూరులో షిఫ్టు చేసే ఇంజనీర్ ఎవరైనా తెలిస్తే అమ్మాయిని ఒక గంట మాట్లాడించండి. ఆమెనే అడగనివ్వండి. మీరు పక్కన కూర్చుని వినండి.