మైకు కూత, మునిగిపోయే గొంతు

ప్రశ్న: మిర్యాలగూడలో నలుగురం కలిసి బ్యాండు పెట్టుకున్నాం. డ్రమ్స్, బేస్, గిటార్, గాత్రం. సొంత పాటలు నాలుగు కట్టాం. ప్రాక్టీసులో గొంతు వినపడదు, మైకు పెంచితే కుయ్‌మంటుంది. పాటలు ఎప్పుడు విడుదల చేయొచ్చు?

జవాబు: మైకు జోలికి పోకముందు గిటార్ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) సంగతి చూడండి. స్లాబు గదిలో డ్రమ్స్ మోతకు తగ్గట్టు అందరూ వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు, ఆఖరికి పాడేవాళ్లే మునుగుతారు. యాంప్‌ను కుర్చీ మీద పెట్టి, వాయించేవారి చెవి వైపు వంచండి. తనకు వినపడితే తనే తగ్గిస్తాడు. గిటార్ యాంప్‌లో బేస్ నాబ్ కూడా తగ్గించండి, ఆ చోటు బేస్ గిటార్‌ది.

స్పీకర్ శబ్దం మళ్లీ మైకులో దూరితేనే కూత. కార్డియాయిడ్ మైకు (ముందు వైపు శబ్దాన్నే బాగా పట్టే రకం) వెనక నుంచి తక్కువ వింటుంది కాబట్టి మానిటర్, అంటే పాడేవారికి తమ గొంతు వినిపించే స్పీకర్, గాయకుడి ఎదురుగా, మైకు వీపు వైపు ఉండాలి. మైకు తల మీది జాలీని గుప్పిట్లో మూస్తే ఆ గుణం పోతుంది. చూడ్డానికి స్టైలే, చెవులకే శిక్ష! గోడలకు బొంతలు కడితే గది గలగల తగ్గుతుంది గానీ బేస్ మోత ఆగదు. పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోండి.

విడుదలకు తొందరేం లేదు. మెట్రోనోమ్ (లయకు టిక్‌టిక్ కొట్టే పరికరం) పెట్టుకుని ఆగకుండా వాయించగలిగిన పాటనే రికార్డు చేయండి, 24 బిట్ నాణ్యతలో, రికార్డింగ్ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. 1957 కాపీరైట్ చట్టంలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్ వేర్వేరు హక్కులు. ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసి, నలుగురూ సంతకాలు పెట్టాకే అప్‌లోడ్ చేయండి.